భరణిలోని గాలి
ఇంటి వైనును తేర్చుటకు ముందు చేయవలసిన పని

(సంఘ కుటుంబ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



తెలుగువారి సభలో పద్యమును గూర్చియో, పాఠశాలను గూర్చియో మాటలాడుట వాడుక. అట్టిచోట ఇంటి వైనును గూర్చి ప్రసంగింప నేల అని కొందఱికి తోచవచ్చును. మనలో మద్యము ముట్టనివారే అధికసంఖ్యాకులు. వారి నియమమును సడలింపవలెనని మా ఉద్దేశము ఎంతమాత్రమును కాదు. కాని కోలారు బంగారు గనుల ప్రాంతమునను, బెంగళూరునను స్థిరపడిన మన కుటుంబములలో కొన్నింట క్రిస్మసు పండుగకును, కొత్త సంవత్సరమునకును ద్రాక్షపండ్లతో వైను చేయుట మూడు నాలుగు తరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ పనిలో ఒక మెట్టును మేము విస్మరించితిమి. తరువాత ఆ మెట్టును నేర్చి, అంతటితో సర్వమును నేర్చితిమని భ్రమించితిమి. ఆ భ్రమ వలన మా ఇంట ఒక పిల్లవాని కన్ను పోవలసినది, త్రుటిలో దక్కినది. అట్టి ఆపద మఱియొక ఇంట కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మా పెద్దలు చిత్తూరు సీమనుండి గని పనికి వచ్చినవారు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు అచట గనులను చేపట్టినది మొదలు తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, ఆంగ్లో ఇండియనులు ఆ ఊర ఇరుగుపొరుగులుగా జీవించిరి. మా అవ్వ వైను చేయుట పొరుగింటి ఆంగ్లో ఇండియను గృహిణి వద్ద నేర్చెను. ఆ గృహిణి మా అవ్వ వద్ద ఆవకాయ పెట్టుట నేర్చెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. కుటుంబములు తలకొక దిక్కునకు పోయినవి. మాతో బెంగళూరు వచ్చినవి రెండు భరణులును, అవ్వ చెప్పిన లెక్కయును మాత్రమే. కోస్తావారు జాడీ అను దానినే మేము భరణి అందుము.

ఆ లెక్క మీలో పలువురికి తెలిసినదే. ద్రాక్షపండ్లు నలుపవలెను. చక్కెర, కాచి చల్లార్చిన నీరు, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగములు, దాల్చినచెక్క చేర్చవలెను. భరణికి గుడ్డ వాసెన కట్టి ప్రతిదినము చెక్క తెడ్డుతో కలియబెట్టవలెను. ఇరువదియొక్క దినములు నిండిన పిమ్మట వడకట్టవలెను. ఇంతవఱకు మాకు జ్ఞాపకమున్నది. అయితే మా అవ్వ వడకట్టిన వెంటనే సీసాలకు ఎత్తెడిది కాదు. మఱల భరణిలో పోసి, నెలల తరబడి చీకటి గదిలో ఉంచి, నడుమ నడుమ పైతేటను వేఱొక భరణిలోనికి దింపుచుండెడిది. అడిగినచో, గాలి పోనిదే గసి దిగదు అని ఒక్కమాట అనెడిది. అది ముసలివారి చాదస్తమని మేము తలంచితిమి. ఆ మాట వెనుక నున్న కారణమును అడిగి తెలిసికొనక పోవుట మా మొదటి తప్పు.

బెంగళూరులో మేము చేసిన వైను మొదటినుండియు మసకగనే యుండెడిది. కోడిగ్రుడ్డు తెల్లసొన గిలకొట్టి కలిపిన తేరునని ఎవరో చెప్పగా అట్లు చేసితిమి. సొన అడుగునకు దిగుటకు మాఱుగా తుంపులు తుంపులుగా పైకి లేచి తేలియాడెను. ఒక సంవత్సరము చక్కెర తక్కువగా వేసి, పులియుట పూర్తిగా ముగిసిన పిదప, డిసెంబరు చలిలో ఆ మసక వైనునే సీసాలకెత్తి బిరడాలు బిగించితిమి. మఱుచటి మే నెలలో యానాములో మా చిన్నత్తగారి ఇంట పెండ్లి వచ్చినది. 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండిన ఆ ఊర వైను ఒక వింత కాదు గనుక, ఆరు సీసాలను చీరెల మధ్య పెట్టెలో పెట్టి రైలెక్కితిమి. గోదావరి తీరపు ఎండకు రెండు బిరడాలు వాటంతట అవే ఊడినవి. పట్టుచీరెలు పాడైనవి. మిగిలిన సీసాలలోని వైను నాలుకకు సోడా వలె చురుక్కుమనెను. చిన్నత్తగారు నవ్వి, "ఇది వైనా, గోలీసోడాయా వదినా?" అని మా ఇంటి పెద్దావిడను అడిగిరి. ఆ నవ్వు మాకు మంచి గురువైనది. ఇంటికి వచ్చి, గాలి పోనిదే గసి దిగదు అను మాటకు అర్థమేమని వెదకనారంభించితిమి.

కారణము సులభమైనదే. పండ్లలోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవులు రెండుగా విడగొట్టును. ఒకటి ఆల్కహాలు, రెండవది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. ఈ రెండును ఇంచుమించు సమభాగములుగా పుట్టును. 180 గ్రాముల గ్లూకోజునుండి లెక్క ప్రకారము 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు వెలువడవలెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాయిజే 1789లో ప్రకటించిన గ్రంథమున ఈ పదార్థములను తూచి చూపెను. ఈ మార్పు జీవకణముల వలన జరుగుచున్నదని పాశ్చరు 19వ శతాబ్ది నడుమ స్థాపించెను. వైనును గూర్చి ఆయన గ్రంథము 1866లో వెలువడినది. ఇడ్లీ పిండి పొంగుటకును, కల్లుకుండపై నురుగు కట్టుటకును ఇట్టి వాయువే కారణము.

దాని మోతాదు ఎంతయో గమనింపుడు. ఒక కిలో చక్కెర పూర్తిగా పులిసినచో సుమారు 250 లీటర్లకు మించిన వాయువు పుట్టును. ఇరువది లీటర్ల భరణిలో నాలుగు కిలోల చక్కెర యున్నచో వేయి లీటర్ల వాయువు! అందులో అధికభాగము బుడగలుగా పైకి పోవును. కాని కొంత ద్రవములోనే కరగి నిలుచును. సాధారణమైన వేడిమిలో వైను తన పరిమాణమునకు ఇంచుమించు దగ్గఱగా వచ్చునంత వాయువును తనలో దాచుకొనగలదు. పులియుట ముగిసినంతనే ఈ దాగిన వాయువు పోదు. కదలిక లేని పాత్రలో అది నెలలకొలది నిలిచియుండును.

చలి ఎక్కువైన కొలది ద్రవము ఎక్కువ వాయువును పట్టియుంచును. ఒక లీటరు నీటిలో 10 డిగ్రీల వద్ద సుమారు 2.3 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 1.7 గ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 1.25 గ్రాములు మాత్రమే ఈ వాయువు కరగి నిలుచును. వైనులో అంకెలు కొంచెము మాఱినను దారి ఇదియే. బెంగళూరు డిసెంబరు చలిలో నిండుగా వాయువు పట్టిన వైను యానాము ఎండలో దానిని విడిచినది. విడిచిన వాయువు బిరడాను త్రోసినది. మా పట్టుచీరెల కథ ఇంతయే.

ఇక తేరుట మాట. బురదనీటిని తేర్చుటకు మన పెద్దలు కుండ లోపల చిల్లగింజ అరగదీయుట మీలో కొందఱు చూచియుందురు. బురద రేణువులు ఒకదానినొకటి పట్టుకొని బరువెక్కి అడుగునకు దిగును. వైనులో కోడిగ్రుడ్డు సొనయు, బెంటొనైటు అను బంకమట్టియు చేయు పని అట్టిదే. సొన తొగరును పట్టుకొనును. బెంటొనైటు మాంసకృత్తులను పట్టుకొనును. కాని ఆ కుండను ఒకరు అడుగునుండి కదపుచుండిన బురద దిగునా? వాయువు నిండిన వైనులో జరుగునది అదియే. సన్నని బుడగలు రేణువులకు అంటుకొని, పూలకుండలవలె వాటిని పైకి లేపును. ఎంత మందు వేసినను ఫలముండదు. మా సొన తేలియాడుటకు కారణము ఇదియే. కనుక తేర్చు పదార్థమును వేయుటకు ముందు గాలి తీయవలెను. అవ్వ మాట అక్షరాల నిజము.

గాలి తీయక పోవుట వలన మఱి రెండు చిక్కులు కలవు. మొదటిది కొలత. పాలు పరీక్షించు లాక్టోమీటరు వంటిదే వైనుకు హైడ్రోమీటరు. దాని కాడకు బుడగలు అంటినచో అది ఉన్నదానికంటె పైకి తేలి, చక్కెర ఇంకను మిగిలియున్నట్లు తప్పుడు లెక్క చూపును. పులుపును కొలుచు పరీక్షలోను వాయువు కూడ ఆమ్లముగనే లెక్కకు వచ్చును. రెండవది, వాయువు నిండిన వైనులో ఏదేని పొడి చల్లినచో సోడాలో ఉప్పు వేసినట్లు ఒక్కుమ్మడిగా నురుగు పొంగి భరణి మూతినుండి పొరలిపోవును.

ఇప్పుడు పని వివరము చెప్పెదము.

మొట్టమొదట పులియుట ముగిసినదో లేదో తెలిసికొనవలెను. ఇరువదియొక్క దినముల లెక్క దీనికి చాలదు. చలికాలములో ఈస్టు మందగించును. చక్కెర ఎక్కువైనను మందగించును. దినములు నిండినంత మాత్రమున పని ముగిసినదనరాదు. చిన్న పాత్రలో కొంచెము వైను తీసి, కాఫీని గ్లాసునుండి దవరాలోనికి ఎత్తిపోసినట్లు పలుమారులు పోసి దానిలోని గాలి పోగొట్టి, హైడ్రోమీటరు ముంచి చూడుడు. నీటికి అది 1.000 చూపును. చక్కెర పూర్తిగా పులిసిన వైనుకు అంతకంటె తక్కువ, సాధారణముగా 0.990 మొదలు 0.998 వఱకు చూపును. వరుసగా మూడు దినములు అంకె మాఱక నిలిచినచో పులియుట ఆగినదని తలంపవచ్చును. అంకె దిగుచున్నంతకాలము బుడగలు పుట్టుచునే యుండును. అప్పుడు గాలి తీయుట చిల్లికుండను నింపబూనుట వంటిది. ఇట్లు ఎత్తిపోయుట పరీక్షకు తీసిన వైనుకు మాత్రమే. దానిని మఱల భరణిలో కలుపరాదు.

పిదప మడ్డిని కదపక, శుభ్రమైన రబ్బరు గొట్టముతో పైతేటను వేఱొక పాత్రలోనికి దింపవలెను. గొట్టము కొన క్రింది పాత్ర అడుగున తాకునట్లుంచిన చిందులు పడవు. పాత్రను నిండ నింపక జానెడు వెలితి ఉంచుడు. నురుగుకు చోటు కావలెను గదా.

తరువాత వేడిమి. చల్లని వైను గాలిని విడువదు. 22 మొదలు 24 డిగ్రీల వఱకు వెచ్చబడవలెను. గచ్చునేలపైనుండి పాత్రను తీసి పీటపై ఉంచినను, గోరువెచ్చని నీటితొట్టిలో కొంతసేపు నిలిపినను చాలును. పొయ్యి మీద పెట్టరాదు. పెట్టినచో పరిమళము చెడును. ఆల్కహాలు ఆవిరి అంటుకొను ప్రమాదమును కలదు.

ఆ మీదట పొడుగాటి స్టీలు తెడ్డుతో కలియబెట్టవలెను. రెండు మూడు నిమిషములు ఒక దిశగా, కొంతసేపు ఎదురు దిశగా త్రిప్పుడు. తెడ్డు ఎల్లప్పుడు ద్రవములో మునిగియే యుండవలెను. ఇచటనే మన ఇండ్లలో పొరపాటు జరుగును. గాలి తీయుమనగానే కవ్వము తెచ్చి మజ్జిగ చిలికినట్లు చిలుకుదురు. కవ్వము లోపలి గాలిని తీయునేమో గాని బయటి గాలిని లోనికి చొప్పించును. పులియునప్పటి వైనుకు బయటి గాలి అంతగా హాని చేయదు. పులిసి ముగిసిన వైనుకు అది శత్రువు. రంగు గోధుమవన్నెకు తిరుగును, రుచి చప్పబడును. నడుమ సుడిగుండము పడునంత వేగముగా త్రిప్పరాదు. మొదటిమారు నురుగు దండిగా లేచును. అణగిన పిమ్మట మఱల త్రిప్పుడు. దినమునకు మూడుమారులు చొప్పున రెండు మూడు దినములు ఇట్లు చేయవలెను. డ్రిల్లుకు బిగించు తెడ్లు కూడ నేడు దొరకుచున్నవి. వాటితోను నెమ్మదియే ముఖ్యము.

చేతిపంపుతో పాత్రలోని గాలిని పైకి లాగి, ఆ వెలితి వలన వాయువును రప్పించు పద్ధతి మఱియొకటి కలదు. దీనిలో బయటి గాలి సోకదు గనుక వైనుకు మేలు. కాని పలుచని పెద్ద గాజుపాత్ర ఆ వెలితికి తాళక లోపలికి చిట్లవచ్చును. పలుచని ప్లాస్టికు పాత్ర నొక్కుకొనిపోవును. దళసరి పాత్ర లేనివారు ఈ జోలికి పోకుండుట మంచిది.

గాలి పోయినదని ఎట్లు తెలియును? ఒక చిన్న సీసాలో సగము వైను పోసి, మూతిని బొటనవ్రేలితో మూసి గట్టిగా కుదిపి వ్రేలు తీయుడు. బుస్సుమని శబ్దము వచ్చిన ఇంకను గాలి యున్నది. శబ్దము రానప్పుడు, నాలుకపై చురుకు లేనప్పుడు పని ముగిసినది. పాత్రలోని వెలితిని వెంటనే అట్టి వైనుతోనే నింపి మూయవలెను.

తొందర లేనివారికి ఇవి యేవియు అక్కఱలేదు. ఆరుమాసములు ఓపికపట్టి, రెండు మూడుమారులు తేట దింపినచో గాలియు చాలవఱకు దానంతట అదే పోవును. మా అవ్వ చేసినది అదియే. తెడ్డు చేయు పనిని ఆమె కాలము చేత చేయించెను. పండుగ ముంచుకొనివచ్చుచుండగా చేయువారికే ఈ శ్రమ.

ఇంతవఱకు నేర్చిన మేము మఱుసటి సంవత్సరము శ్రద్ధగా గాలి తీసితిమి. బెంటొనైటును వేడినీటిలో నానబెట్టి, లీటరునకు అరగ్రాము చొప్పున కలిపితిమి. వారము తిరుగకముందే వైను కెంపువలె మెఱసినది. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. ముసలివారికి తీపి ఇష్టమని, సీసాలకెత్తు దినమున లీటరునకు 30 గ్రాముల చక్కెర కలిపితిమి. వైను తేరినది, గాలి పోయినది, ఇక భయమేమి అనుకొంటిమి.

మార్చి నెలలో ఒకనాటి మధ్యాహ్నము అటుకపై సీసా ఒకటి తుపాకి వలె ప్రేలినది. క్రింద బంతి వెదకుకొనుచున్న మా మనుమని కనుబొమపై గాజుపెంకు దిగినది. నాలుగు కుట్లు పడినవి. కన్నునకు వ్రేలెడు దూరము. నేడు వాడు బాగుగ నున్నాడు. కాని ఆ సాయంకాలము మేము ఒకరి ముఖము ఒకరము చూడలేకపోయితిమి.

సోదరులారా, మేము చేసిన తప్పు ఇది. కరగిన గాలి వేఱు, కొత్తగా పుట్టు గాలి వేఱు. కరగిన గాలి బిరడాను త్రోయగలదు. సామాన్యముగా సీసాను పగులగొట్టజాలదు. సీసాను పగులగొట్టునది లోపల మఱల మొదలైన పులియుట. తేరిన వైను కంటికి నిర్మలముగా కనబడినను దానిలో ఈస్టు కణములు మిగిలియే యుండును. వాటికి చక్కెర దొరకినచో మేల్కొనును. లీటరునకు నాలుగు గ్రాముల చక్కెర మూసిన సీసాలో పులిసిన సుమారు ఒక అట్మాస్ఫియరు ఒత్తిడి పుట్టునని షాంపేన్ చేయువారి లెక్క. వారు 24 గ్రాములు వేసి ఆఱు అట్మాస్ఫియర్లు రప్పింతురు. అందుకై దళసరి సీసాలు, తీగ కట్టిన బిరడాలు వాడుదురు. మేము వేసిన 30 గ్రాములును పులిసినచో ఏడున్నర అట్మాస్ఫియర్లు. మోటారుకారు చక్రములోని ఒత్తిడికి మూడింతలకు పైమాట. దానిని పలుచని పాత సీసాలలో బంధించి, పిల్లలు ఆడుకొను గదిలో అటుకపై పెట్టితిమి.

కావున గాలి తీయుట స్థిరపఱచుటకు బదులు కాదు. స్థిరపఱచుట గాలి తీయుటకు బదులు కాదు. వరుస ఇట్లుండవలెను: పులియుట ముగియవలెను, గాలి తీయవలెను, స్థిరపఱచవలెను, తేర్చవలెను, తీపి కావలసినచో ఆ తరువాతనే కలిపి, కొన్ని వారములు ఎయిర్‌లాకు అను నీటిబుడ్డి బిగించిన పాత్రలోనే ఉంచి, హైడ్రోమీటరు అంకె కదలలేదని చూచి, అప్పుడు సీసాలకెత్తవలెను. ఏ సందేహమున్నను తీపిని సీసాలో కలుపక, త్రాగువేళ గ్లాసులో కలుపుకొనుట అన్నిటికంటె క్షేమము.

స్థిరపఱచుటకు రెండు పొడులు వాడుదురు. ఒకటి పొటాషియం మెటాబైసల్ఫైటు. ఇరువది లీటర్లకు 1.75 గ్రాములు వేసినచో లీటరునకు సుమారు 50 మిల్లీగ్రాముల గంధకపు వాయువు ఏర్పడి, చెడు సూక్ష్మజీవులను, బయటి గాలి వలని చెఱుపును అరికట్టును. రెండవది పొటాషియం సార్బేటు. లీటరునకు పావుగ్రాము చొప్పున. ఇది ఈస్టును చంపదు, దాని సంతతి పెరుగకుండ ఆపును. అందుచేత పులియుచున్న వైనులో వేసిన ప్రయోజనము లేదు. మొదటి పొడి లేకుండ దీనిని ఒంటిగా వేసినచో కొన్ని బాక్టీరియాలు దీనిని మార్చి, నలిపిన జిరేనియం ఆకు వాసన పుట్టించును. ఆ వాసన మఱి పోదు. ఈ పొడులను చిటికెలతో గాక బంగారము తూచునట్టి చిన్న త్రాసుతో తూచుడు. తూచునప్పుడు ముఖము దూరముగా నుంచుడు. ఉబ్బసము గలవారికి సల్ఫైటు పడకపోవచ్చును గనుక, అతిథులకు వైను ఇచ్చునప్పుడు ఆ మాట చెప్పి ఇచ్చుట ధర్మము.

మన చుట్టుపట్ల దొరకు బెంగళూరు బ్లూ ద్రాక్షను గూర్చి ఒక మాట. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండు చిక్కబళ్ళాపురము, కోలారు, బెంగళూరు జిల్లాలలో పండును. ఆ తోటలలో మన భాష మాటలాడు రైతులు ఎందఱో కలరు. ఇది లబ్రస్కా జాతికి చెందినది. తోలు గుజ్జునుండి జారివచ్చును. దీనిలో పెక్టిన్ అను జిగురు హెచ్చు. పండ్లను ఉడికించి చేసినచో ఆ జిగురు మసకయై నిలుచును. గాలి తీసినను, బెంటొనైటు వేసినను అట్టి మసక పోదు. దానికి పెక్టిన్‌ను విడగొట్టు ఎంజైము వేయవలెను. కనుక తేరని వైనుకెల్ల గాలియే కారణమని తలంపకుడు.

ఇంకొక జాగ్రత్త. గనిలో పనిచేసిన మా తాత, చెడుగాలి కంటికి కనబడదు, కాళ్ళ దగ్గఱ పొంచియుండును అనెడివాడు. భరణినుండి వెడలు వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. కిటికీలేని చిన్నగదిలో, నేలమాళిగలో అది నేలబారున పేరుకొనును. పెద్ద భరణులు పులియుచోటను, గాలి తీయుచోటను తలుపులు తెఱచియుంచుడు. పసిపిల్లలను నేలపై పరుండబెట్టకుడు. భరణిలో తల దూర్చి వాసన చూడకుడు. దీపము వెలుగుచున్నది గదా అని ధైర్యపడరాదు. దీపము ఆఱుటకు ముందే మనిషికి అపాయము కలుగవచ్చును.

చట్టము మాట కూడ చెప్పకుండ ముగింపరాదు. మన రాజ్యాంగము మద్యమును రాష్ట్రముల అధికారమునకు విడిచినది. కర్ణాటకమునకు 1965 నాటి అబ్కారి చట్టము, తమిళనాడునకు 1937 నాటి మద్యనిషేధ చట్టము, మహారాష్ట్రమునకు 1949 నాటి మద్యనిషేధ చట్టము కలవు. ఒడిశాకును, యానాము చేరియున్న పుదుచ్చేరికిని వేఱు నిబంధనలు. మన పత్రిక ఈ ప్రాంతములన్నిటికి పోవుచున్నది గనుక, ఒకచోటి వాడుకను చూచి మఱియొకచోట చేయకుడు. మీ ఊరి అబ్కారి కార్యాలయమున అడిగి, అనుమతి అవసరమైన పొంది, ఆ పిమ్మటనే భరణి దింపుడు. అమ్ముట తలంపునకే రానీయకుడు.

చివరగా ఒక మనవి. మా అవ్వకు బొగ్గుపులుసు వాయువు పేరు తెలియదు, హైడ్రోమీటరు తెలియదు. అయినను ఆమె చేతి వైనులో మసక లేదు. ఆమె ఇంట సీసా పగులలేదు. ఆమెకు పని తెలియును, కారణము చెప్పుటకు మాటలు లేవు. మాకు మాటలున్నవి, అడుగుటకు ఓపిక లేకపోయినది. ఈ రెండింటి నడుమ ఒక తరము జ్ఞానము జారిపోయినది. వైను మాట అటుంచుడు. పరభాషా ప్రాంతములలో నున్న మన ఇండ్లలో మందులు నూరుట, విత్తనము దాచుట, ఊరగాయ పెట్టుట, పట్టు నేయుట ఇట్లే ఒక్కొక్క ముక్కగా జారుచున్నవి. పెద్దలున్న ఇండ్లవారు వారి చెంత కూర్చుండి, ఎట్లు అని మాత్రమే గాక, ఎందుకు అని కూడ అడిగి, తెలుగులో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. పిల్లలకు తెలుగు చదువ రాకున్నచో చదివి వినిపింపుడు.

మా మనుమడు ఈ సంవత్సరము తానే తెడ్డు పట్టెదనని వచ్చినాడు. వాని కనుబొమపై మచ్చ యింకను కనబడుచున్నది. తెడ్డు వాని చేతికి ఇచ్చి, గాలి పోనిదే గసి దిగదు అను అవ్వ మాటను మొదట నేర్పితిమి. దాని వెనుక మేము చేర్చిన మాట ఒకటి కలదు: గసి దిగినంత మాత్రమున భయము తీఱదు.